ఇంజిన్ ఒక్కటే దింపాలా, గేర్‌బాక్స్‌తో కలిపి దింపాలా?

చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగే సమయానికి కార్ల షెడ్ల ముందు బానెట్ విప్పిన బండ్లు వరుస కడతాయి. 2015 డిసెంబరు వరదల తరువాతా, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వెళ్లిన తరువాతా ఆ వరుసలు మరీ పొడుగయ్యాయి. నీటిలో ఆగిపోయిన కారును కంగారుతో మళ్లీ స్టార్ట్ చేయబోతే సిలిండర్లలోకి నీరు చేరుతుంది. నీరు గాలిలా నొక్కుకుపోయేది కాదు కనుక పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. అప్పుడు మెకానిక్ నోట వచ్చే మాట "ఇంజిన్ దింపాలి సార్" అన్నదే. ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది అని యజమాని అడుగుతాడు గాని, గేర్‌బాక్స్‌ను ఉన్నచోటనే ఉంచి దింపుతారా, రెండింటినీ కలిపి దింపుతారా అని అడిగేవారు అరుదు. ఖర్చును, రోజులను, ఆ తరువాత క్లచ్ ఎన్నాళ్లు మన్నుతుందన్న దాన్ని కూడా చాలావరకు నిర్ణయించేది ఆ అడగని ప్రశ్నే.

అంబత్తూరులో నేను వెళ్లే షెడ్డు మేస్త్రిగారు నాయుడుపేట నుంచి వచ్చి స్థిరపడినాయన. రెండు పద్ధతుల్లో ఏది సులువు అని ఒకసారి అడిగితే, "ఊడదీయడం ఎవరైనా ఊడదీస్తారు సార్, తిరిగి కూర్చోబెట్టేటప్పుడు తెలుస్తుంది ఎవరి పనితనం ఎంతో" అన్నారు. ఈ పోలికకు ఆ మాటే ఆధారం. ఏ పద్ధతిలో ఇంజిన్ త్వరగా బయటికి వస్తుందన్నది కాక, ఏ పద్ధతిలో ఇంజిన్, గేర్‌బాక్స్ మళ్లీ ఒకే గీతలో, బలవంతం లేకుండా కలుస్తాయన్నది చూసి ఎంచుకోవాలి.

ముందుగా ఒక చిన్న మాట

ప్రతి పెద్ద పనికీ ఇంజిన్ దింపవలసిన అవసరం లేదు. హెడ్ అంటే సిలిండర్ల పై మూత; దాని కింది సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ పోతే హెడ్ ఒక్కటే లేపితే చాలు. కొన్ని ఇంజిన్లలో హెడ్డును పైనుంచి, ఆయిల్ చాంబరును కిందనుంచి విప్పి, వంగిన రాడ్డును పిస్టనుతో సహా పైకి తోసి తీయవచ్చు; చాంబర్ కింద అడ్డు బీము లేకపోవడం, బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, గీతలు పడకుండా ఉండటం ఇందుకు షరతులు. క్లచ్ మాత్రమే మార్చాలంటే ఇంజిన్‌ను వదిలి గేర్‌బాక్స్ ఒక్కదాన్నే కిందికి దింపడం మామూలు పద్ధతి. క్రాంక్ షాఫ్ట్ తీయవలసి వచ్చినా, బ్లాకును బోరింగుకు పంపవలసి వచ్చినా, ఇంజిన్‌నే మార్చవలసి వచ్చినా దింపక తప్పదు. బీమా క్లెయిము ఉంటే సర్వేయరు వచ్చి చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి.

బండి ఏ రకం?

బానెట్ ఎత్తి ఫ్యాన్ బెల్టు ఎటు చూస్తోందో గమనించండి. బెల్టు రేడియేటర్ వైపు ఉంటే ఇంజిన్ నిలువుగా, అంటే బండి పొడవునా కూర్చుని ఉన్నట్టు. గేర్‌బాక్స్ దాని వెనుక, డ్రైవరు పక్కన నేల ఉబ్బెత్తుగా ఉండే చోట, ఆ ఉబ్బు కింద ఉంటుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, బొలెరో, స్కార్పియో, క్వాలిస్, పాత ఇన్నోవా, క్రిస్టా ఈ కోవకు చెందినవి. బెల్టు చక్రం వైపు ఉంటే ఇంజిన్ అడ్డంగా ఉన్నట్టు. గేర్‌బాక్స్ దాని పక్కనే అతుక్కుని, రెండు ముందు చక్రాలకూ అక్కడి నుంచే యాక్సిల్ రాడ్లను పంపుతుంది. మారుతి 800, 1998 నుంచి చెన్నై దగ్గరి మన ఇరుంగట్టుకోట్టైలో తయారైన శాంట్రో, స్విఫ్ట్, ఇండికా, హోండా సిటీ ఇలాంటివే. పేరును బట్టి మాత్రం నిర్ణయించుకోవద్దు: 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్‌లో పాత ఇన్నోవాలకు భిన్నంగా ఇంజిన్ అడ్డంగా ఉంటుంది.

నిలువు ఇంజిన్: గేర్‌బాక్స్‌ను ఉంచడమే మేలు, చాలావరకు

ఇలాంటి బండిలో గేర్‌బాక్స్‌ను కదపకుండా ఉంచడం వల్ల మిగిలే శ్రమ తక్కువేమీ కాదు. వెనుక చక్రాలకు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పనక్కరలేదు. గేర్ ఆయిల్ తీయనక్కరలేదు. గేర్ రాడ్డు, రివర్స్ స్విచ్ వైరు, స్పీడోమీటర్ కేబుల్, వెనుక మౌంటింగు ఉన్నచోటనే ఉంటాయి. గేర్‌బాక్స్ ముందు గంటలా విచ్చుకుని ఇంజిన్‌కు అతికే కవచాన్ని బెల్ హౌసింగు అంటారు; హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బండిలో క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ సాధారణంగా దానికే బిగించి ఉంటుంది కనుక ఆ సిలిండర్‌ను ముట్టుకోనక్కరలేదు, క్లచ్ గొట్టంలో గాలి తీసే పని ఉండదు. గేర్‌బాక్స్ వెనుక, శక్తిని ముందు చక్రాలకు కూడా పంచే ట్రాన్స్‌ఫర్ కేసు తగిలించి ఉన్న ఫోర్ బై ఫోర్ బండి అయితే, ఆ బరువునంతా ఇంజిన్‌తో పాటు గాలిలో ఊగించడం కంటే అక్కడే వదిలేయడం ఎంతో నయం.

దీనికి బదులుగా మీరు చెల్లించవలసిన మూల్యం రెండు చోట్ల ఉంది. మొదటిది ముందు జాగా. గేర్‌బాక్స్ నుంచి పొడుచుకొచ్చిన ఇన్‌పుట్ షాఫ్ట్ క్లచ్ ప్లేటు గుండా దూరి, క్రాంక్ చివరన ఉన్న పైలట్ బేరింగులో కొన మోపి ఉంటుంది. ఆ షాఫ్ట్, క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటును పూర్తిగా దాటి బయటపడేదాకా ఇంజిన్‌ను పైకి ఎత్తకూడదు. తిన్నగా ముందుకే జరపాలి. అందుకు రేడియేటర్, ఫ్యాన్, ఫ్యాన్ కవచం తీయాలి. ఏసీ కండెన్సర్ కూడా అడ్డం వస్తుందేమో ముందే కొలిచి చూసుకోవాలి. కంప్రెసర్ గొట్టాలు విప్పకుండా కంప్రెసర్‌ను మాత్రం బ్రాకెట్ నుంచి వేరుచేసి పక్కకు కట్టి ఉంచగలిగితే గ్యాస్ వృథా కాదు. చెన్నై ఎండల్లో ఆ ఆదా చిన్నదేమీ కాదు.

రెండవది బెల్ హౌసింగు పై బోల్టులు. కింద ఉన్నవి, పక్కన ఉన్నవి చేతికి అందుతాయి; ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్ నీడలో ఉన్న పై రెండు మూడు బోల్టులు మాత్రం కంటికి కనపడవు, పానాకు అందవు. వెనుక మౌంటింగు బీమును కాస్త వదులు చేసి గేర్‌బాక్స్ తోకను కొద్దిగా కిందికి వాల్చితే పైన సందు ఏర్పడుతుంది. అప్పుడు పొడవాటి ఎక్స్‌టెన్షన్‌కు చివర మడత సాకెట్ తగిలించి, కింద పడుకుని వెనుక వైపు నుంచి విప్పవచ్చు. ఆ బోల్టులు అందకపోతే, పని మధ్యలో చిరాకుపడే బదులు మొదటే కలిపి దింపడానికి నిర్ణయించుకోవడం తెలివైన పని. అసలు ఈ ఎంపికకు నేను వాడే మొదటి పరీక్ష ఇదే: ఏదీ విప్పకముందు, బెల్ హౌసింగు బోల్టు ప్రతిదాని మీదా సాకెట్ కూర్చోబెట్టి చూడండి. అన్నీ అందితే ఇంజిన్ ఒక్కటే. ఏ ఒక్కటి అందకపోయినా ఇంకో దారి.

ఇంకో దారి అన్నది కలిపి దింపడమే కానవసరం లేదు. పిట్టు గాని, ర్యాంపు గాని ఉన్న షెడ్లలో ముందు గేర్‌బాక్స్‌ను కిందనుంచి విడిగా దింపి, తరువాత ఇంజిన్‌ను పైనుంచి ఎత్తుతారు. రెండు పనులయినా, ఏ పనిలోనూ బలవంతం ఉండదు. కలిపి ఎత్తేటప్పుడు పొడవు దాదాపు రెట్టింపై, గేర్‌బాక్స్ తోక ఫైర్‌వాల్ కిందినుంచి బయటపడటానికి మొత్తాన్ని బాగా ఏటవాలుగా వాల్చవలసి వస్తుంది. వాల్చిన క్షణం నుంచి, ప్రొపెల్లర్ తీసిన తోక రంధ్రం గుండా గేర్ ఆయిల్ నేల మీదికి కారుతూనే ఉంటుంది. పాత పనివాళ్లు ఆ రంధ్రానికి ప్లాస్టిక్ సంచి కట్టి రబ్బరు బ్యాండు వేస్తారు, అది చూడటానికి హాస్యంగా ఉన్నా బాగా పనిచేస్తుంది.

ఒకప్పుడు ఇదే చెన్నైలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ను ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. దాని బానెట్ మొత్తం రెక్కలతో సహా ముందుకు తెరుచుకునేది కనుక ఇంజిన్ చుట్టూ మనిషి నిలబడి పనిచేయగలిగేవాడు. గేర్‌బాక్స్‌నయితే లోపలి ఉబ్బు మూత తీసి కారు క్యాబిన్‌లో నుంచే బయటికి తేవచ్చు. ఈ వ్యాసంలోని సందేహం ఆ కారు యజమానికి వచ్చి ఉండదు.

గేర్‌బాక్స్‌ను ఉంచాలని తేల్చుకున్నాక, దాని ముక్కు కిందికి వాలకుండా ఆసరా ఇవ్వడం మరిచిపోకూడదు. ఇంజిన్ దూరమయ్యాక ఆ బరువంతా వెనుక మౌంటింగు రబ్బరు మీద పడుతుంది. హైడ్రాలిక్ జాకీ పెట్టి ఇంటికి వెళ్లిపోతే చాలదు. రాత్రికి రాత్రి ఆయిల్ జారి జాకీ కిందికి దిగవచ్చు. బెల్ హౌసింగు కింద చెక్క దిమ్మె మీద స్టాండు నిలపండి, లేదా రెండు చాసిస్ పట్టీల మీద అడ్డంగా ఇనుప గొట్టం వేసి గొలుసుతో వేలాడదీయండి. ఏ ఎత్తులో ఉన్నప్పుడు ఇంజిన్ విడిపోయిందో, ఎక్కించేటప్పుడు కూడా అదే ఎత్తులో ఉంటే సగం పని అయినట్టే.

అడ్డ ఇంజిన్: ఆశ పెడుతుంది, కాని మోసం చేస్తుంది

అడ్డ ఇంజిన్ బండిలో గేర్‌బాక్స్‌ను ఉంచేయాలన్న ఆశ సహజం. యాక్సిల్ రాడ్లు గేర్‌బాక్స్‌లోనే ఉంటే గేర్ ఆయిల్ తీయనక్కరలేదు, యాక్సిల్ సీళ్లు చెడవు, కింది ఆర్ములు విప్పనక్కరలేదు, తరువాత వీల్ అలైన్‌మెంట్ ఖర్చు తప్పుతుంది. కాగితం మీద ఈ లెక్క అంతా నిజమే. చిక్కంతా ఇంజిన్ ఏ దిక్కుకు జరగాలన్న దానిలో ఉంది. ఇక్కడ ఇన్‌పుట్ షాఫ్ట్ పక్కకు చూస్తూ ఉంటుంది కనుక, ఇంజిన్ కూడా పక్కకే, బెల్టు ఉన్న వైపుకే జరగాలి; ఆ వైపున కొన్ని అంగుళాల దూరంలోనే చాసిస్ గోడ ఉంటుంది. క్రాంక్ పుల్లీ తీసి, ఆ వైపు మౌంటింగు బ్రాకెట్ తీసి కాస్త జాగా సంపాదించవచ్చు. ఇన్‌పుట్ షాఫ్ట్ క్లచ్ ప్లేటును దాటడానికి ఎంత దూరం కావాలో, పుల్లీ తీశాక గోడకు ఎంత సందు మిగులుతుందో, ఈ రెండు కొలతలే తీర్పు చెబుతాయి. మొదటిది రెండవదానికంటే స్పష్టంగా తక్కువయితేనే ఇంజిన్ ఒక్కటే దింపే పనికి దిగాలి. రెండూ సమానంగా ఉన్నాయని అనిపిస్తే జాగా చాలదనే అనుకోండి.

ఈ విషయంలో నా అనుభవం చేదుగానే ఉంది. 2023 వానల తరువాత మా హ్యాచ్‌బ్యాక్‌ను ఒక షెడ్డులో ఇచ్చాను. గేర్‌బాక్స్ వదిలేసి ఇంజిన్ ఒక్కటే దింపుతామని, లేబర్ తగ్గుతుందని వారు చెబితే సంతోషించాను. ఒక్క మధ్యాహ్నంలో ఇంజిన్ బయటికి వచ్చింది. ఎక్కించే రోజున మాత్రం రెండు ముఖాల మధ్య పైన వేలు దూరేంత సందు, కింద గోరు దూరేంత సందు మిగిలిపోయి, ఎంత ఊపినా కలవలేదు. సాయంత్రమవుతోందని కుర్రవాళ్లు కింది బోల్టులు ఎక్కించి బిగించడం మొదలుపెట్టారు. మూడవ చుట్టుకు టిక్కుమని శబ్దం వచ్చింది. అల్యూమినియం హౌసింగు చెవి పగిలింది. చివరికి గేర్‌బాక్స్‌ను దింపక తప్పలేదు, పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో పాత కేసింగు వెతుక్కోక తప్పలేదు, తగ్గుతుందన్న లేబరు రెట్టింపయింది. తప్పు పద్ధతిదే అనను. కలవనప్పుడు ఆగి కారణం వెతకకపోవడం అసలు తప్పు. కాని కలవని పరిస్థితి తెచ్చిపెట్టింది ఆ ఇరుకే.

కనుక అడ్డ ఇంజిన్ బండికి నా సలహా: కొలతలు ధారాళంగా ఉంటే తప్ప రెండింటినీ కలిపే దింపించండి. కంపెనీ వర్క్‌షాపు మాన్యువల్ కూడా చాలా బండ్లకు అదే చెబుతుంది. కొన్నింటికయితే సబ్‌ఫ్రేముతో, అంటే ఇంజిన్ కింది చట్రంతో సహా కిందికి దింపి, బాడీనే పైకి ఎత్తమంటుంది. యాక్సిల్ సీళ్లు రెండు కొత్తవి వేయించి, గేర్ ఆయిల్ కొత్తది పోయించి, అలైన్‌మెంటు చేయించుకుంటే అయ్యే ఖర్చు ముందే తెలిసిన ఖర్చు. నేల మీద రెండింటినీ వెలుతురులో పెట్టుకుని విడదీసి, మళ్లీ అదే వెలుతురులో కలుపుకోవడానికి చెల్లించే ధర అది.

నీట మునిగిన బండి విషయంలో ఈ సలహాకు మరొక కారణం తోడవుతుంది. గేర్‌బాక్స్ గాలి రంధ్రం గుండా నీరు లోపలికి చేరి ఉండవచ్చు. డ్రెయిన్ బోల్టు విప్పినప్పుడు ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వస్తే గేర్‌బాక్స్‌ను కూడా విప్పి చూడవలసిందే, అప్పుడు ఉంచడమా దింపడమా అన్న చర్చే ఉండదు.

ఆటోమేటిక్ అయితే

క్లచ్‌కు బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న బండిలో గేర్‌బాక్స్‌ను ఉంచి ఇంజిన్ దింపేటప్పుడు కన్వర్టర్ గేర్‌బాక్స్‌తోనే ఉండిపోవాలి. సెల్ఫ్ మోటార్ తీసిన రంధ్రంలో నుంచి గాని, కింది మూత తీసి గాని, క్రాంకును కొద్దికొద్దిగా తిప్పుతూ, క్రాంక్ చివరనుండే పలుచని ఫ్లెక్స్ ప్లేటుకు కన్వర్టర్‌ను పట్టి ఉంచిన బోల్టులను ఒక్కొక్కటే విప్పాలి. ఆ పని మరిచి ఇంజిన్‌ను లాగితే కన్వర్టర్ ఇంజిన్‌తో వచ్చేసి, ఆయిల్ అంతా నేలపాలవుతుంది. విడిపోయాక కన్వర్టర్ ముందుకు జారి పడకుండా హౌసింగుకు అడ్డంగా ఒక పట్టీ కట్టాలి.

అసలు ప్రమాదం ఎక్కించేటప్పుడు ఉంది. కన్వర్టర్ మెడ గేర్‌బాక్స్ ఆయిల్ పంపు పళ్లలో పూర్తిగా కూర్చోవాలి. చేత్తో తిప్పుతూ లోపలికి నెట్టితే మెట్టు మెట్టుగా టక్కుమని కిందికి దిగుతుంది. చాలామంది మొదటి టక్కు వినగానే కూర్చుందనుకుంటారు. హౌసింగు ముఖం మీద తిన్నని పట్టీ వేసి, అక్కడి నుంచి కన్వర్టర్ బోల్టు చెవుల లోతు కొలిచి, మాన్యువల్‌లోని కొలతతో పోల్చాలి. ఇంజిన్ ముఖం పూర్తిగా కలిసి బిగిసిన తరువాత కూడా కన్వర్టర్ చేత్తో తిరుగుతూ, ఫ్లెక్స్ ప్లేటుకు కొద్ది మిల్లీమీటర్ల వెనుక నిలవాలి. సందు లేకుండా నొక్కుకుని ఉంటే మొదటి స్టార్టులోనే పంపు నలిగిపోతుంది. ఈ ఒక్క కారణంగా ఇరుకైన ఆటోమేటిక్ బండ్లలో కలిపి దింపే పద్ధతినే నేను ఇష్టపడతాను. నేల మీద కొలత తీయడం తేలిక.

ఏఎంటీ అని పిలిచేవి, అంటే క్లచ్‌నూ గేర్లనూ యంత్రమే మార్చేవి, లోపల మామూలు గేర్‌బాక్సులే. విప్పడంలో మాన్యువల్ బండి నియమాలే వర్తిస్తాయి, కాని తిరిగి బిగించాక స్కానర్ పెట్టి క్లచ్‌ను మళ్లీ సెట్ చేయవలసి వస్తుంది. ఆ స్కానర్ ఉన్న షెడ్డేనా అని ముందే అడగండి.

చోటు, ఎత్తే సాధనం

అపార్ట్‌మెంటు సెల్లారులో పని చేయించుకోవాలని కొందరు అనుకుంటారు. అసోసియేషన్ సంగతి పక్కన పెట్టినా, ఇంజిన్ క్రేను కాళ్లు బండి కిందికి దూరాలి, నేల చదునైన సిమెంటు కావాలి, పైకప్పు అందకుండా ఎత్తు కావాలి. కలిపి ఎత్తేటప్పుడు క్రేను చేయి బాగా చాచవలసి వస్తుంది. చాచిన కొద్దీ దాని శక్తి తగ్గిపోతుంది, 2 టన్నుల క్రేను కూడా పూర్తిగా చాచితే సాధారణంగా 500 కిలోలకే పనికి వస్తుంది. రేకుల షెడ్డు పైకప్పు యాంగిలుకు చైన్ బ్లాక్ వేలాడదీసే చోట మీ బండిని ఇవ్వకండి. గొలుసు ఇంజిన్ మీద కంపెనీ పెట్టిన కొక్కేలకే తగిలించాలి, ఇన్‌టేక్ మానిఫోల్డుకు కాదు.

ఏ పద్ధతైనా, విడదీసినప్పుడు, కలిపేటప్పుడు

బ్యాటరీ నెగటివ్ తీశాక, లాగడానికి ముందు క్రాంక్ సెన్సర్ ఎక్కడుందో చూడండి; కొన్ని బండ్లలో అది బెల్ హౌసింగులో ఫ్లైవీల్‌ను చూస్తూ ఉంటుంది, తీయకుండా విడదీస్తే విరుగుతుంది. బ్లాకుకు, హౌసింగుకు మధ్య పలుచని రేకు ఉంటే దాన్ని భద్రపరచండి, ఇంజిన్ ఎక్కించాక బల్ల మీద ఆ రేకు కనపడితే అంతా మళ్లీ దింపాలి. రెండు డవెల్ పిన్నులూ ఉన్నాయా అని లెక్కపెట్టండి. ఇంజిన్, గేర్‌బాక్సుల మధ్య గీత తప్పకుండా పట్టేవి బోల్టులు కావు, ఆ పిన్నులే. ఒకటి పోయినా క్లచ్ అదురుతుంది, ఇన్‌పుట్ బేరింగు అరుస్తుంది. సముద్రపు గాలి తగిలే పేటల్లో నిలిపే బండ్లలో ఇవి తుప్పుతో పట్టుకుపోతాయి, అప్పుడు ముఖాల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తవద్దు, తుప్పు వదిలించే నూనె కొట్టి ఆగండి.

ముఖాలు తెరిచి ఉండగానే క్రాంక్ వెనుక ఆయిల్ సీలు, పైలట్ బేరింగు, రిలీజ్ బేరింగు మార్పించండి. వాటి ధర, వాటి కోసం మళ్లీ దింపే లేబరుతో పోల్చదగినది కాదు. చాలా బండ్లలో ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు కూడా రిలీజ్ బేరింగు గైడు విప్పితే ముందు నుంచే అందుతుంది, కనుక ఆ సీలు కారడం ఒక్కటే గేర్‌బాక్స్‌ను దింపడానికి కారణం కాదు. పుదుపేట నుంచి మరో ఇంజిన్ తెచ్చి వేయిస్తుంటే, ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు మారుతుంది కనుక బిల్లు తీసుకుని, ఆర్టీఓ కార్యాలయంలో మార్పు నమోదు చేయించాలి.

కలిపేటప్పుడు క్లచ్ ప్లేటును సెంటరింగు రాడ్డుతో మధ్యకు తెచ్చి ప్రెషర్ ప్లేటు బిగించాలి. ఆ రాడ్డు లేకపోతే పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్క సరిపోతుంది. ఇంజిన్ బరువు ఒక్క క్షణమైనా షాఫ్ట్ మీద వేలాడకూడదు, వేలాడితే క్లచ్ ప్లేటు నడుము వంగుతుంది. పళ్లు కలవకపోతే గేర్‌బాక్స్‌ను ఒక గేరులో వేసి, క్రాంక్ పుల్లీ నట్టును పానాతో కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజిన్‌ను నెమ్మదిగా వెనక్కి నెట్టాలి. ముఖాలు చుట్టూ సమానంగా, చేతి బలంతోనే కలిసేదాకా బోల్టు బిగించనివ్వకండి. అన్నీ బిగిసిన తరువాత, సెల్ఫ్ కొట్టకముందు గేరు న్యూట్రల్‌కు తెచ్చి, అదే పానాతో క్రాంకును పూర్తిగా రెండు చుట్లు తిప్పించండి. ఎక్కడా పట్టేయకుండా తిరిగితేనే బ్యాటరీ తగిలించమని చెప్పండి.